25.5: ఒక రాజోలు పాదం, రెండు రకాల మంచు పని, ఒకే జత బూట్లు

మా వర్క్‌షాపుకి వచ్చే పాదాలు ముఖ్యంగా రెండు రకాలు. షుగరు ముదిరి స్పర్శ పోయినవి, బోదకాలు వల్ల బజార్లో ఏ చెప్పూ పట్టనివి. అమలాపురంలో పంతొమ్మిదేళ్ళుగా వీటికే చెప్పులూ సోల్సూ చేస్తున్నాను. ఎటు చూసినా కొబ్బరిచెట్టు కన్నా ఎత్తయింది కనపడని ఈ నేల మీద ఒకాయన గోనెసంచిలో స్కీ బూట్లు తెచ్చి నా బల్ల మీద పెడతాడని ఎప్పుడూ అనుకోలేదు.

తెచ్చినాయన నాకు పాత పేషెంటే. రాజోలు పక్క పల్లెలో రైతు. ఆరేళ్ళుగా ఆయనకి ఎమ్‌సీఆర్ (మెత్తటి మైక్రోసెల్యులర్ రబ్బరు) చెప్పులు నేనే చేసిస్తున్నాను. సంక్రాంతికి వారం ముందు చెప్పుల స్ట్రాప్ మార్పించుకోడానికి వచ్చి, సంచి విప్పాడు.

"డాక్టరు గారండీ, ఇయ్యి మా అమ్మాయివండీ. కశ్మీరెల్లి మంచులో జారుద్దంటండీ. ఎల్లిన ప్రతిసారీ కాలిగోళ్ళు నల్లగా చేసుకుని వత్తందండీ. తవరోసారి చూడండి."

నేను డాక్టర్ని కానని ఆయనకి చెప్పడం మూడో ఏడే మానేశాను.

అమ్మాయికి 31 ఏళ్ళు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గుల్‌మార్గ్‌లో స్కీయింగ్ కోర్సు చేసి, నాలుగు చలికాలాలుగా ఏటా పదీ పన్నెండు రోజులు అక్కడే గడుపుతోంది. ఆమె అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు రాయను, బూట్ల బ్రాండ్లూ రాయను.

పండక్కి ఆమె వచ్చాక తెలిసింది, అసలు సంగతి పాత బూట్లు బాగుచెయ్యడం కాదని. కొత్తవి కొనాలి. వాళ్ళ బాబాయి కొడుకు జర్మనీ నుంచి పండక్కి వస్తూ రెండు జతలు మోసుకొచ్చాడు, ఒకటి తేలికది, ఒకటి బరువైనది. ఒకటి ఉంచుకోవాలి, రెండోది అతను తిరిగి పట్టుకెళ్ళి షాపుకి ఇచ్చెయ్యాలి. అతని విమానం జనవరి 24న. నాకు దొరికిన టైము తొమ్మిది రోజులు, అందులో మూడు రోజులు పండగ.

ముందే చెప్పేస్తాను, నేను స్కీయింగ్ చెయ్యలేదు. మంచు చూసింది ఒక్కసారే, పెళ్ళయిన కొత్తలో మనాలి వెళ్ళినప్పుడు, అద్దె గమ్‌బూట్లలో. నాకు తెలిసింది పాదం. బూటు సంగతి కంపెనీల ఫిట్టింగ్ మాన్యువల్స్ రాత్రుళ్ళు చదివి తెలుసుకున్నాను. మంచు సంగతి ఆమె చెప్పింది.

ఆమెకి ఏం కావాలి

గుల్‌మార్గ్ దాదాపు 2,650 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కణ్ణించి గొండోలా అనే కేబుల్ కారు రెండు దశల్లో అఫర్వట్ కొండ మీదికి, 3,900 మీటర్లు దాటిన చోటికి తీసుకెళుతుంది. గొండోలాలో ఎక్కి స్కీల మీద దిగడం ఒక పని. దీన్ని రిసార్ట్ స్కీయింగ్ అంటారు. గొండోలా లేని వాలు మీదికి సొంత కాళ్ళతో ఎక్కి దిగడం ఇంకో పని, దాన్ని టూరింగ్ అంటారు. ఎక్కేటప్పుడు స్కీల అడుగున స్కిన్ అనే పట్టీ అతికిస్తారు. దాని నూగు ఒకవైపే వాలి ఉంటుంది కాబట్టి ముందుకి జారుతుంది, వెనక్కి జారదు.

దిగేటప్పుడు బూటు కాలిని కదలనివ్వకూడదు. మోకాలు ముందుకి నొక్కితే ఆ బలం నేరుగా స్కీ అంచుకి చేరాలి. ఎక్కేటప్పుడు అదే బూటు కాలిని వదిలెయ్యాలి. పిక్కని పట్టుకునే పైభాగం ముందుకీ వెనక్కీ ఊగాలి, మడమ ప్రతి అడుక్కీ లేవాలి, బరువు తక్కువుండాలి. రెండు పనులూ ఒకే బూటుతో కావాలంటే ఏదో ఒకచోట నష్టపోక తప్పదు. ఎక్కడ నష్టపోతే ఈ మనిషికి ఫర్వాలేదన్నదే ప్రశ్న.

ఆమె మనసు అప్పటికే తేలికజత మీద పడింది. వీడియోల్లో కొండలెక్కేవాళ్ళంతా అలాంటివే వేసుకుంటారట. నేను కాగితం ఇచ్చి, పోయినేడు మంచు మీద గడిపిన ప్రతి రోజూ రాయమన్నాను. పదకొండు రోజులు తేలాయి. తొమ్మిది గొండోలా రోజులు. రెండు రోజులు గైడుతో కాలినడకన ఎక్కినవి, అందులో ఒకటి వాతావరణం బాగోక మధ్యలోనే వెనక్కి వచ్చింది. ఈ ఏడు ప్లాన్ పన్నెండు రోజులు, టూరింగ్ మహా అయితే నాలుగు.

"అయితే వారానికి రెండ్రోజుల చుట్టం కోసం ఇల్లు కడతున్నావన్నమాట," అన్నాను. నవ్వింది గానీ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

పాదం

పొద్దున్న ఆరున్నరకి రమ్మన్నాను. సాయంత్రానికి పాదం ఉబ్బుతుంది. మా దగ్గర జనవరిలో కూడా మధ్యాహ్నం ముప్పయికి దగ్గరగా వేడి ఉంటుంది, ఆ ఉబ్బిన పాదం కొలిస్తే చలిలో వదులయ్యే బూటు కొంటాం.

నిలబెట్టి కొలిస్తే ఎడమ పాదం 248 మిల్లీమీటర్లు, కుడిది 252. వేళ్ళ మొదట్లో వెడల్పు ఎడమ 98, కుడి 100. మడమ మాత్రం సన్నం. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా చేలగట్ల మీద తిరిగిన పాదాల్లో నేను రోజూ చూసే ఆకారమే ఇది. వేళ్ళు విసనకర్రలా విచ్చుకుని, మడమ దగ్గర సన్నబడుతుంది. మీగాలు ఎత్తు.

స్కీ బూటు సైజు మన చెప్పుల నంబరు కాదు. మోండోపాయింట్ అంటారు, పాదం పొడవు సెంటీమీటర్లలో. 252 అంటే 25.5. ఆమె నాలుగేళ్ళుగా వాడుతున్న సెకండ్‌హ్యాండ్ బూటు 26.5. రన్నింగ్ షూ నంబరు చూసి, పట్టిక ప్రకారం మార్చి, "బిగుతుగా ఉంటే కష్టం" అని ఇంకో అర పెంచి కొన్నదట. ఇంకో చిక్కుంది. చాలా కంపెనీల్లో 26కీ 26.5కీ బయటి ప్లాస్టిక్ షెల్ ఒకటే, లోపలి మెత్తటి తొడుగు (లైనర్) గానీ అట్ట గానీ మాత్రం మారుతుంది. అర సైజు పెంచామనుకున్నప్పుడు ఒక్కోసారి ఏమీ పెరగదు, ఒక్కోసారి ఒక్కసారిగా పూర్తి సైజు పెరిగిపోతుంది.

తర్వాత గిలక వంపు. గోడ ముందు నిలబెట్టి, మడమ ఎత్తకుండా మోకాలు గోడకి తగిలించమంటాను. బొటనవేలికీ గోడకీ మధ్య ఎంత దూరం వస్తుందో కొలుస్తాను. ఎడమ కాలికి 11 సెంటీమీటర్లు వచ్చింది. కుడికి ఆరే.

"ఈ కాలికి ఏమయిందమ్మా?"

"డిగ్రీలో స్కూటీ మీంచి పడ్డానండీ. గిలక దగ్గర విరిగింది. ఇప్పుడేం నొప్పి లేదు."

నొప్పి లేదు, కానీ కీలు ముందుకి వంగడం లేదు. ఈ కేసులో నాకు అన్నిటికన్నా పనికొచ్చిన కొలత ఇదే. స్కీ బూటు పిక్కని కొంత ముందుకి వాల్చి పట్టుకుంటుంది. కీలు అంత వంగకపోతే శరీరం ఎక్కడో చోట లెక్క సరిచేసుకుంటుంది, బూటు లోపల మడమ లేచిపోతుంది. మడమ లేస్తే పాదం ముందుకి జరుగుతుంది, వేళ్ళు ప్లాస్టిక్‌కి కొట్టుకుంటాయి. గోళ్ళు అందుకే నల్లబడతాయి. కుడి బొటనవేలి గోరు చూస్తే సగం నలుపు ఇంకా ఉంది.

పాత బూటూ, నా తొందరపాటూ

ఇదంతా కొలవకముందు, వాళ్ళ నాన్నగారు సంచి తెచ్చిన రోజునే నేనో తప్పు చేశాను. "వేళ్ళు నొక్కుకుంటున్నాయండీ" అన్న మాట విని, వెడల్పు చాల్లేదని తేల్చేశాను. హీట్ గన్‌తో చిటికెన వేలి పక్క షెల్‌ని వేడి చేసి బయటికి సాగదీశాను. వేలు నొక్కుకుంటుందంటే మా వృత్తిలో చెయ్యి అలవాటుగా అటే పోతుంది.

నాలుగు రోజుల తర్వాత అమ్మాయి వచ్చి వేసుకుని, ఇంకా నొప్పిగా ఉందంది. అప్పుడు లైనర్ బయటికి లాగి, ఉత్త షెల్‌లో కాలు పెట్టించాను. వేళ్ళు ముందు తగిలేలా జరిపి, మడమ వెనక ఎంత ఖాళీ ఉందో టార్చ్ వేసి కొలిస్తే 27 మిల్లీమీటర్లు! రెండు పనులకీ వాడే బూటుకి ఒకటిన్నర సెంటీమీటరు అటూ ఇటూ ఉండాలి, రెండు దాటకూడదు. ఇందులో నా బొటనవేలు నిలువునా దిగిపోయింది.

బూటు పెద్దదై నొప్పి పెడుతోందన్నమాట. ఈ మాట మా అసిస్టెంటు కుర్రాడు కూడా మొదట నమ్మలేదు. జరిగేది ఇది. బూటు వదులు కాబట్టి ఆమె బకిల్స్ బిగిస్తుంది. పాదం చుట్టూ ఖాళీ ఉన్నా మీగాలు మీద మాత్రం బకిల్ గట్టిగా నొక్కుతుంది. అక్కడ చర్మం కిందే రక్తనాళం, నరం ఉంటాయి. అరగంటకి తిమ్మిరి, గంటకి చలి, తర్వాత అరికాలి కండరం పట్టేస్తుంది. వేళ్ళు చల్లబడుతున్నాయని ఇంకో జత మందం సాక్సులు వేస్తుంది. ఇంకా నొక్కుకుంటుంది. ఆమె రెండు జతల సాక్సులు వేసుకుంటోంది, ఒకటి కాటన్‌ది. కాటన్ చెమట పీల్చి తడిగా ఉండిపోతుంది. పల్చటి ఉన్ని సాక్సు, ఒకే ఒక జత, అంతే ఉండాలి.

నేను సాగదీసింది ఆ వదులు బూటుని ఇంకా వదులు చేసింది. అదృష్టం కొద్దీ పారేసే బూటు. మడమ దగ్గర షెల్ మీద వెంట్రుకవాసి పగుళ్ళు కూడా కనిపించాయి. ఈ షెల్ చేసిన పాలీయురేథేన్ ప్లాస్టిక్ గాలిలో తేమకి ఏళ్ళ తరబడి లోపల్నించి విరిగిపోతుంది. మన బీరువాల్లో రెండు వర్షాకాలాలు వాడకుండా ఉంచిన బూట్ల సోలు ఒకరోజు పొడిపొడిగా రాలడం ఈ ప్రాంతంలో అందరూ చూసిందే. ఎంత పాతదో తెలియని సెకండ్‌హ్యాండ్ స్కీ బూటు కొనొద్దని ఇప్పుడు ఎవరడిగినా చెబుతాను. అది కొండ మీద విరిగితే చెప్పు తెగినంత తేలిక కాదు.

తేలికజత, బరువుజత

వర్క్‌షాపు త్రాసు మీద తేలికజతలో ఒక బూటు 1,240 గ్రాములు, బరువుజతలో 1,650. తేడా 410. ఒక్కో కాలు గంటకి రెండువేల అడుగులు వేస్తుందనుకున్నా, కాలికి ఎనిమిది వందల కిలోల పైచిలుకు అదనపు మోత. చిన్న విషయం కాదు, టూరింగ్ చేసేవాళ్ళు గ్రాములు లెక్కపెట్టేది ఇందుకే. కానీ ఈ లెక్క ఏడాదికి నాలుగు రోజులకి వర్తిస్తుంది.

సోల్ సంగతి ఇంకా ముఖ్యం, కొనేవాళ్ళు దీన్నే మర్చిపోతారు. బూటుని స్కీకి పట్టి ఉంచేది బైండింగ్. కాలు మెలిపడితే అది వదిలెయ్యాలి, లేకపోతే మోకాలో దాని కింది ఎముకో పోతుంది. మామూలు రిసార్ట్ బైండింగ్ ఐఎస్ఓ 5355 ప్రమాణం ఉన్న చదునైన సోలుకి తయారయింది. టూరింగ్ సోలు ఐఎస్ఓ 9523, నడవడానికి వంపు తిరిగి, రబ్బరు పట్టుతో ఉంటుంది. దాన్ని మామూలు బైండింగ్‌లో బలవంతంగా పెడితే పడుతుందేమో గానీ, వదలాల్సినప్పుడు వదలకపోవచ్చు. ఈ రెంటికీ మధ్య గ్రిప్‌వాక్ అని ఇంకోటి, ఐఎస్ఓ 23223. నడకకి కొంచెం వంపు ఉంటుంది, కానీ గ్రిప్‌వాక్ గుర్తున్న బైండింగ్‌లో సరిగ్గా పనిచేస్తుంది. టూరింగ్‌కి మళ్ళీ వేరే బైండింగ్. బూటు ముందు కొసలో రెండువైపులా ఉక్కు గుంటలుంటాయి, వాటిలోకి రెండు పిన్నులు దిగుతాయి. మడమ వదిలేస్తే ఆ పిన్నుల మీద పాదం తలుపు మడతబందులా తిరుగుతుంది. ఆస్ట్రియాకి చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ 1980లలో చేసిన ఆలోచన ఇది. తర్వాత డైనాఫిట్ కంపెనీ ద్వారా ప్రపంచమంతా పాకింది.

తేలికజతకి పిన్ను గుంటలున్నాయి, కానీ ముందు అంచే లేదు. అంటే ఏ రిసార్ట్ బైండింగ్‌లోనూ పట్టదు. బరువుజతకి గ్రిప్‌వాక్ సోలు, పిన్ను గుంటలు రెండూ ఉన్నాయి. ఆమె స్కీలు సొంతవి కావు, గుల్‌మార్గ్‌లో అద్దెకి తీసుకుంటుంది. గొండోలా రోజులకి ఒక స్కీ, టూరింగ్ రోజులకి గైడు ఇచ్చే పిన్ను బైండింగ్ స్కీ. అద్దె షాపుకి నా ముందే ఫోన్ చేయించాను. బైండింగ్ మీద గ్రిప్‌వాక్ గుర్తుందా అని అడిగి, ఫోటో పంపమన్నాం. పంపారు, ఉంది.

తేలికజత పని అక్కడికే సగం అయిపోయింది. కానీ ఆమె ఊరుకోలేదు.

"అన్ని రోజులూ పిన్ను బైండింగే వాడతానండీ. అయితే?"

వాడొచ్చు, చాలామంది వాడతారు. అందుకే రెండు జతలనీ ఇంకా పరీక్ష పెట్టాను.

ఏటిగట్టు, ఐసు గది

ఎక్కడాలు చూడ్డానికి మా దగ్గర ఉన్న కొండ ఒక్కటే, వైనతేయ ఏటిగట్టు. పొద్దున్నే బూటు పైభాగాన్ని ఊగనిచ్చే వాక్ మోడ్‌లో పెట్టి ఎక్కించి దింపాను, ఒక్కో జతతో ఇరవైసార్లు. మంచు మీద జారుతూ ఎక్కడం వేరు, గట్టు మీద నడవడం వేరు. నాకు చూడాల్సింది పిక్క వెనక్కి ఎంత ఊగుతుందన్నదే, ఎందుకంటే ముందుకి సాచిన కాలి అడుగు పొడవు దాని మీదే ఆధారపడుతుంది. తేలికజత పైభాగం (కఫ్) 65 డిగ్రీలు తిరుగుతుందని కంపెనీ రాసింది, బరువుజత 50. గట్టు మీద తేడా ఆమెకి తెలిసింది, నాకూ కనిపించింది. కుడి కాలికి మాత్రం పెద్ద తేడా రాలేదు. ఆ కీలు ముందుకి వంగేదే తక్కువ కాబట్టి, ముందువైపు బూటు ఎంత తిరిగినా కాలు ఇచ్చేది అంతే. లంకకి వెళ్ళే పడవ కోసం నిలబడ్డ పెద్దావిడ చాలాసేపు చూసి, "కాలిరిగిందామ్మా?" అని అడిగింది. ఎదురుగా బాబాయి కొడుకు వీడియో తీస్తూ పడీపడీ నవ్వుతున్నాడు.

దిగడాలు చూడ్డం కష్టమైంది. ఫ్లెక్స్ అని బూటు మీద అంకె ఉంటుంది, మోకాలు ముందుకి నొక్కితే అది ఎంత గట్టిగా ఎదురు నిలుస్తుందో చెప్పేది. తేలికజత మీద 110, బరువుజత మీద 105. ఈ అంకెకి అందరూ పాటించే కొలమానం లేదు, ఎవరి అంకె వాళ్ళది. పైగా ప్లాస్టిక్‌లు వేరు. తేలికజత గ్రిలమిడ్, నైలాన్ జాతి, చలికి పెద్దగా మారదు. బరువుజత పాలీయురేథేన్, చలికి బిగుసుకుంటుంది. మా వర్క్‌షాపు వేడిలో బరువుజత తాటిబెల్లం ముద్దలా మెత్తగా వంగింది. దీన్ని చూసి తీర్పు చెబితే తప్పు.

గోదావరి జిల్లాల్లో మంచు లేదు గానీ రొయ్యలున్నాయి. రొయ్యలున్న చోట ఫ్రీజర్ గదులుంటాయి. ఒక ప్లాంటు మేనేజరు వాళ్ళమ్మగారికి నేను చెప్పులు చేస్తాను. ఖాళీగా ఉన్న ఒక ఫ్రీజర్ గదిలో, పాలిథిన్ సంచుల్లో కట్టి, రెండు జతల షెల్సూ గంటసేపు ఉంచనిచ్చాడు. లోపల మైనస్ 18. లైనర్లు బయటే ఉంచాం.

బయటికి తీశాక తేలికజత దాదాపు ముందులాగే ఉంది. మొదట కొంచెం వంగి, తర్వాత గోడకి తగిలినట్టు ఆగిపోతోంది. బరువుజత గట్టిపడింది, కానీ వంగేకొద్దీ ఎదురు బలం మెల్లగా పెరిగింది. ఎగుడుదిగుడు మంచులో కావాల్సింది ఈ రెండోదేనని ఆమే చెప్పింది. "ఇది నన్ను తన్నట్లేదండీ," అంది. ఇంకోటి కూడా నేర్చుకున్నాం. చల్లబడ్డ పాలీయురేథేన్ షెల్‌లో కాలు దూర్చడమే యుద్ధం. రాత్రి బూట్లు జీపులో వదిలెయ్యకూడదు, గదిలో పెట్టుకోవాలి.

ఆఖరికి తేల్చింది మాత్రం కుడి గిలక. తేలికజత పిక్కని ముందుకి వాల్చే కోణం తక్కువలో తక్కువ 15 డిగ్రీలు. బరువుజతని 12కి దించుకోవచ్చు. తేలికజతలో ఆమె దిగే భంగిమలో నిలబడితే కుడి మడమ లోపల వేలెడు లేస్తోంది, బకిల్ ఎంత బిగించినా. ఉత్త షెల్‌లో మడమ వెనక ఖాళీ రెంటికీ ఒకటే, 16 మిల్లీమీటర్లు, అంటే సైజు తప్పు కాదు. ఆకారమే ఆమె కీలుకి పడలేదు. అది చేత్తో చూపించాక ఇక వాదించలేదు. తేలికజత పెట్టెలోకి వెళ్ళింది.

ఆమె కుడి కీలు మామూలుగా ఉండి, సొంత స్కీలుండి, టూరింగ్ రోజులు సగం దాటితే నేనే తేలికజత తీసుకోమనేవాణ్ణి. నాలుగొందల గ్రాముల విలువ అప్పుడు మారిపోయేది.

కుదిర్చిన పని

కుడి లైనర్ కింద మడమ దగ్గర 5 మిల్లీమీటర్ల ఎత్తు పెట్టాను, ఈవీఏ అనే గట్టి ఫోముతో. నేల మడమ దగ్గరికి వచ్చింది, కీలు వంగాల్సిన అవసరం తగ్గింది. మడమ లేవడం ఆగింది. అయితే అలా ఎత్తు పెడితే మీగాలు కూడా పైకి వస్తుంది, అది బకిల్ కింద నొక్కకుండా లైనర్ నాలుక పల్చబరచాల్సి వచ్చింది.

బూటు లోపల వేసే సోల్స్ రెండుసార్లు చేశాను. మొదటిసారి చెయ్యి నా అలవాటు పని చేసింది. పాదం అచ్చు తీసి, పైన ఎమ్‌సీఆర్ పొర వేశాను, షుగరు పాదాలకి వేసినట్టే. షుగరు పాదానికి మెత్తదనం మందు. ఇక్కడ అదే జబ్బయింది. ఆమె మోకాలు నొక్కినప్పుడు పాదం సోల్‌లోకి దిగిపోయి, పక్కకి వాలింది. బలం స్కీకి చేరేలోపు నా సోల్ తాగేసింది. రెండోసారి గట్టి ఈవీఏతో, పాదం వంపుని నిలబెట్టేలా మాత్రమే, మెత్తటి పొర లేకుండా చేశాను. నచ్చింది.

కుడి పాదం చిటికెన వేలి మొదట్లో ఎముక దగ్గర 4 మిల్లీమీటర్లు షెల్‌ని బయటికి సాగదీశాం. ఈసారి కొలిచాకే. షెల్ వెడల్పు 100 అని కంపెనీ రాసేది సాధారణంగా 26.5 సైజుకి, చిన్న సైజులో అది తగ్గుతుంది. పాలీయురేథేన్ కాబట్టి లొంగింది, ఒత్తి ఉంచి రాత్రంతా చల్లారనిచ్చాం. గ్రిలమిడ్ అయితే మెత్తబడే వేడికీ కరిగే వేడికీ మధ్య ఎడం తక్కువ, పైగా మళ్ళీ వెనక్కి ముడుచుకుంటుంది. ముందు కొసలో ఉక్కు గుంటలున్న చోట వేడి అస్సలు తగలనివ్వకూడదు, అవి కదిలితే బూటు పనికిరాదు. అక్కడ తడిగుడ్డ చుట్టి పనిచేశాం.

లైనర్‌ని ఆఖర్న వేడి చేశాం, షీట్లు మెత్తబరిచే మా ఓవెన్‌లో, కంపెనీ చెప్పిన వేడికి, చెప్పినన్ని నిమిషాలు. వేళ్ళ మీద చిన్న ఫోము టోపీలు పెట్టి, పల్చటి సాక్సు తొడిగి, వేడి లైనర్‌తో షెల్ వేయించి బకిల్స్ సగం బిగించి పదిహేను నిమిషాలు కదలకుండా నిలబెట్టాను. వాళ్ళ నాన్నగారు పక్కన బల్ల మీద కూచుని విసనకర్రతో విసురుతూనే ఉన్నాడు.

వెళ్ళేముందు ఒకటే చెప్పాను. పాత బూటు సోలు పొడవు 306 మిల్లీమీటర్లు, కొత్తది 296. అద్దె షాపువాడికి పోయినేటి చీటీ చూపించి అదే సెట్టింగ్ పెట్టించుకోవద్దు. బైండింగ్ వదిలే బిగువు బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యంతో పాటు సోలు పొడవుని బట్టి కూడా లెక్కేస్తారు. మళ్ళీ లెక్క వేయించాలి.

ఫిబ్రవరి

మొదటి రోజు సాయంత్రం ఫోన్ వచ్చింది. ఎడమ మీగాలు తిమ్మిరి. కుడి కాలు మీదే దృష్టంతా పెట్టి, ఎడమ బకిల్ సంగతి నేను చూడలేదు. అడుగు బకిల్ రెండు పళ్ళు వదులు చేసి, పిక్క దగ్గరి పట్టీ బిగించమన్నాను. మర్నాడు తగ్గింది.

నాలుగో రోజు టూరింగ్. మూడు గంటలు ఎక్కారట, గైడూ, ఇంకో ఇద్దరూ, హిమపాతంలో కూరుకున్నవాళ్ళని వెతికే బీకన్లూ పారలూ అన్నీ పట్టుకుని. బరువు తెలిసిందా అని అడిగాను. "ఆఖరి గంట తెలిసిందండీ, అబద్ధమెందుకు," అంది. దిగేటప్పుడు మాత్రం ఇన్నేళ్ళలో మొదటిసారి పాదం గురించి ఆలోచించలేదట. ఎడమ మడమ మీద రూపాయి బిళ్ళంత బొబ్బ. అడిగితే తేలింది, ఎక్కేటప్పుడు బకిల్స్ అన్నీ ఊడదీసేసింది. పిక్క దగ్గరివి వదిలెయ్యాలి గానీ మీగాలు మీదది కొంచెం పట్టి ఉంచాలి, లేకపోతే మడమ అడుగడుక్కీ రాసుకుంటుంది. ఇది ముందే చెప్పాల్సింది నేనే.

పన్నెండు రోజుల తర్వాత గోళ్ళ ఫోటో పంపింది. కొత్త నలుపు లేదు. కుడి బొటనవేలి పాత నలుపు కొస వైపు కొంచెం జరిగింది.

హైదరాబాద్ వెళ్ళే ముందు రాజోల్లో ఆగి, బూట్లు ఇంట్లో వదిలేసింది. లైనర్లు విడిగా తీసి ఆరబెట్టాలనీ, బకిల్స్ వదులుగా పెట్టి గాలి తగిలే చోట ఉంచాలనీ కాగితం మీద రాసిచ్చాను. కాగితం బూట్లో ఉంది, బూట్లు అటక మీద కొబ్బరికాయల పక్కన ఉన్నాయి. జులైలో వాళ్ళ నాన్నగారు మళ్ళీ అదే గోనెసంచితో వచ్చాడు. లైనర్ల మీద తెల్లటి బూజు.

"బూరెలక్కూడా ఇంత తొందరగా పట్టదండీ," అన్నాడు బాధగా.

లైనర్లు ఇప్పుడు మా ఫ్యాను కింద ఆరుతున్నాయి. షెల్స్ కడిగి టార్చ్ వేసి చూశాను, పగుళ్ళేమీ లేవు. ఎడమ మడమ దగ్గర లైనర్ వెనక పల్చటి ఫోము పట్టీ అతికించాలి, సొల్యూషన్ చలికి విడిపోకుండా పట్టేదేదో ఇంకా చూస్తున్నాను. అది అతికించాక ఇంకోసారి రొయ్యల ప్లాంటుకి వెళ్ళాలి.